దేవరకొండ రోడ్డు పాత కల్లు కాంపౌండు ఎప్పుడు మూతపడింది?

నీలగిరి నివాసి
నల్లగొండ గడియారం సెంటరు నుంచి దేవరకొండ రోడ్డు ఎక్కిన తరువాత ఎడమ చేతి సందులో ఒక కల్లు కాంపౌండు ఉండేది. చుట్టూ పొట్టి ప్రహరీ, లోపల రెండు వేపచెట్లు, షాబాదు బండలు పరిచిన అరుగు, ఓ మూల రేకుల కింద వరుసగా పేర్చిన సీసాల పెట్టెలు ఉండేవి. దసరాకు ఊరికి వచ్చి చూస్తే ఆ జాగాలో నాలుగంతస్తుల కాంప్లెక్సు లేచి ఉంది. కింద సెల్‌ఫోన్ల దుకాణాలు, పైన కోచింగు సెంటరు. వేపచెట్లలో ఒకటైనా మిగలలేదు.

నా ఫిర్యాదు కాంప్లెక్సు గురించి కాదు. మన పట్టణం గురించి ఎవరు రాసినా లతీఫ్ సాహెబ్ గుట్ట, పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం, గడియార స్తంభం దగ్గరే ఆగిపోతున్నారు. పని దిగిన మనుషులు మాపటిపూట ఎక్కడ కూర్చున్నారో, ఏమి మాట్లాడుకున్నారో ఒక్క వాక్యం రాసిన వారు లేరు. ఆ కాంపౌండు ఏ కాలంలో మూతపడింది, అలాంటివి ఇంకెక్కడెక్కడ ఉండేవి, తెలిసిన వారు చెప్పండి. తాగుడును పొగడడం నా ఉద్దేశం కాదని ముందే మనవి చేస్తున్నాను, ఎందుకంటే ఎవరో ఒకరు తప్పకుండా ఆ మాట అంటారు.

గడియారం గంట
అది ఎడమ చేతి సందు కాదు, కుడి చేతి సందు. మా మేనమామ ఇల్లు దానికి ఎదురుగానే ఉండేది, కాబట్టి ఈ విషయంలో నన్ను ఎవరూ కదిలించలేరు.

నీలగిరి నివాసి
గంట గారూ, మీ మేనమామ ఇంటికి పోయేటప్పుడు కుడి చెయ్యా, అక్కడి నుంచి వచ్చేటప్పుడు కుడి చెయ్యా?

బడిపంతులు
ఇద్దరూ కొట్లాడవలసిన పని లేదు. ఆ రోడ్డుకు రెండు వైపులా రెండు దుకాణాలు ఉండేవి. ఒక వైపుది కల్లు కాంపౌండు, రెండవది సారా దుకాణం. సారా దుకాణానికి ప్రహరీ ఉండేది కాదు, కూర్చునే అరుగూ ఉండేది కాదు. నిలబడి తాగి వెళ్లిపోయే చోటు అది.

నేను ఆ పక్కనున్న ప్రభుత్వ బడిలో చాలాకాలం పనిచేశాను. 1980లలో వారుణి వాహిని పేరుతో సర్కారు సారా పాకెట్లు వచ్చిన తరువాత సారా దుకాణం ముందు రద్దీ పెరిగి, బడి వదిలే వేళకు ఆడపిల్లలను మరో సందు గుండా పంపించవలసి వచ్చేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చాక ఆ దుకాణం పోయింది. కొంతకాలానికి అక్కడ సైకిళ్లు అద్దెకిచ్చే మడిగె పెట్టారు. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు కూడా కల్లుకు ఆ నిషేధం వర్తించలేదు కనుక ఎదుటి కాంపౌండు నడుస్తూనే ఉంది. నిజానికి ఆ రెండేళ్లలోనే అది బాగా వెలిగింది. అంతకు ముందు బ్రాందీ షాపు దాటి ఎన్నడూ రాని గుమాస్తాలు, వకీలు దగ్గరి రాతగాళ్లు కూడా తువ్వాలు తల మీద కప్పుకొని వేపచెట్ల కిందికి వచ్చేవారు. 1997లో నిషేధం సడలించాక ఆ తువ్వాళ్లు మళ్లీ కనిపించలేదు.

పానగల్లు పిల్లగాడు
తువ్వాలు కప్పుకున్న వారిలో పంతులు గార్లు కూడా ఉండేవారని మా నాయన చెప్పేవాడు.

బడిపంతులు
మీ నాయన చూశాడంటే ఆయనా లోపలే ఉన్నట్టు లెక్క.

మోకు ముస్తాదు
మాది గీత వృత్తి కుటుంబం. మా తాత చర్లపల్లి దిక్కు చెట్లు గీసి, ఇక్కడ అడుగుతున్న కాంపౌండుకే కల్లు పోసేవాడు. జ్ఞాపకాలన్నీ అరుగు మీద కూర్చున్న వారివే వస్తున్నాయి కాబట్టి చెట్టు మీద ఉన్నవారి వైపు నుంచి కొంచెం చెప్పాలనిపించింది.

తాటిచెట్టు కల్లు గెల నుంచి వస్తుంది. గెల కొసను రోజుకు రెండు మూడు పూటలు పల్చగా గీసి, కింద లొట్టి కట్టాలి. ఒక పూట గీయకపోతే ఆ గెల ఎండిపోతుంది. అందుకే గీసేవాడికి పండుగ లేదు, జ్వరం లేదు, చావు దినం లేదు. నడుముకు మోకు, కాళ్లకు గుజి, వెనుక ముస్తాదులో కత్తులు పెట్టుకొని తెల్లవారకముందే మా తాత ఇల్లు వదిలేవాడు. ఈతచెట్టు సంగతి వేరు. దానికి మొవ్వు దగ్గర పక్కను చెక్కి ధార పట్టాలి, మళ్లీ కొన్నాళ్లు చెట్టును వదిలేయాలి. వదలకుండా ఆశపడి గీస్తే చెట్టు చచ్చిపోతుంది. కల్లు దించిన గంటల్లోనే పులియడం మొదలై, ఒక్క రోజు దాటితే కడుపులో పడలేనంత పుల్లగా మారుతుంది. అందువల్ల చెట్లకు దుకాణం దగ్గరగా ఉండవలసిందే. దేవరకొండ రోడ్డు మీద కాంపౌండు అక్కడే ఎందుకు పెట్టారంటే, అప్పటికి అది ఊరి చివర. సైకిలు మీద రెండు వైపులా కుండలు వేలాడదీసుకొని పొద్దెక్కేలోపు చేరగలిగిన దూరంలో చెట్లు ఉండేవి.

ఆ చెట్లున్న భూములు ప్లాట్లయ్యాక కాంపౌండు మూతపడింది. నా లెక్కలో కాంపౌండు గోడ కూల్చిన నాడు కాదు, చెట్లు నరికిన నాడే అది అయిపోయింది. తరువాత నడిచిన సంవత్సరాల్లో అక్కడ అమ్మిన దాంట్లో చెట్టు కల్లు ఎంతో మాకు తెలుసు.

గజం ధర
ముస్తాదు అన్న చెప్పింది నిజమే కానీ సగమే. భూముల లావాదేవీలు చేసేవాడిగా మిగతా సగం చెబుతాను. ఆ కాంపౌండు జాగా దుకాణదారుడిది కాదు, కిరాయిది. యజమాని పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డారు. పట్టణంలో రోడ్ల వెడల్పు పనులు మొదలయ్యాక సందులో ఉన్న జాగా రోడ్డు ముఖానికి వచ్చింది. రోడ్డు ముఖానికి వచ్చిన జాగాలో సీసాల పెట్టెలు పెట్టుకొనే కిరాయిదారుడిని ఏ యజమానీ ఉంచుకోడు. ఇందులో ఎవరి కుట్రా లేదు.

మునుగోడు మనిషి
అందరూ అరుగు గురించి మురిపెంగా రాస్తున్నారు. ఆ అరుగు మీద ఎవరు కూర్చునేవారో కూడా రాయండి.

మా మండలంలోని దుకాణంలో మా వాడ వారికి ముంతలు వేరు. అవి చూరు కింద బోర్లించి ఉండేవి. తాగిన తరువాత మేమే కడిగి మళ్లీ అక్కడే బోర్లించాలి. కూర్చునే చోటు గోడ అవతల, నేల మీద. కొన్ని చోట్ల ముంత కూడా ఇవ్వకుండా తాటాకు రేకలో పోసేవారు, దాన్ని ఇప్పుడు పల్లె రుచి అని ఫొటోలు పెడుతున్నారు. సీసాలు వచ్చిన తరువాత ఒక మేలు జరిగింది. సీసాకు ఎవరి నోరు తగిలిందో ఎవరూ అడగలేదు. అందువల్ల పాత ముంతలు పోయాయని ఎవరైనా బాధపడితే నాకు ఆ బాధ రాదు.

నీలగిరి నివాసి
మునుగోడు మనిషి గారూ, మీరు రాసినది ఈ చర్చలో ఉండవలసిన మాటే. పట్టణంలోని కాంపౌండులో నేను అలాంటి వేర్వేరు ముంతలు చూడలేదు. అయితే నేను వెళ్లిన కాలానికి సీసాలే ఉన్నాయి.

బడిపంతులు
పట్టణంలో ముంతలు వేరుగా లేకపోయినా జట్లు వేరుగానే ఉండేవి. హమాలీలు ఒక చెట్టు కింద, బండ్లు తోలేవారు ఇంకో చెట్టు కింద. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు కానీ తప్పేవారు కాదు. అది మెల్లగా సడలడం కూడా నేను అక్కడే చూశాను.

రామగిరి కోడలు
మగవారే రాస్తున్నారు కాబట్టి నేను కూడా రాస్తాను. మా అత్తగారు నాట్లకు, కలుపులకు పోయేది. కూలి ముగిశాక ఆడవాళ్లంతా కలిసి కాంపౌండు వెనుక గుమ్మం నుంచి వెళ్లి, అటువైపు గోడ నీడన కూర్చొని తలా ఒక సీసా తాగి ఇంటికి వచ్చేవారు. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. దినమంతా వంగిన నడుముకు అది మందు అనేది మా అత్త. అక్కడే కూలి లెక్కలు చూసుకొనేవారు, అక్కడే మరునాటి పని ఎవరి పొలంలోనో తెలుసుకొనేవారు, సంబంధాల కబుర్లు కూడా అక్కడే తేలేవి. ఇప్పుడు వైన్సు పక్కనున్న పర్మిట్ రూములో ఒక ఆడమనిషి కూర్చోగలదా? ఆడవాళ్లు కూర్చోగలిగిన చోటు పోయి, కూర్చోలేని చోటు వచ్చింది. ఈ మార్పును అభివృద్ధి అంటున్న వారికి నాది ఈ ఒక్క ప్రశ్నే.

అదే సమయంలో ఇంకో మాట కూడా దాచను. మా మామగారు కూలి డబ్బులు ఇంటికి తెచ్చిన రోజులు తక్కువ. అవి ఏ చెట్టు కింద పోయాయో మా అత్తకు తెలుసు, ఎందుకంటే గోడ అవతలే కూర్చున్నది కదా.

పానగల్లు పిల్లగాడు
తిండి గురించి ఎవరూ రాయకపోవడం అన్యాయం. కాంపౌండు గేటు బయట ఒక పెద్దమ్మ గంపలో బొబ్బర గుడాలు, ఉడకబెట్టిన శనగలు అమ్మేది. పైన సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కారం, ఉప్పు చల్లి కాగితం పొట్లంలో ఇచ్చేది. ఆదివారం అయితే పక్కనే పొయ్యి పెట్టి బోటి, కార్జం వేయించేవారు. చిన్న పిల్లలం లోపలికి పోనివ్వరు కనుక గేటు బయటే నిలబడి నాయన కోసం చూస్తున్నట్టు నటిస్తే, వచ్చేపోయే వారిలో ఎవరో ఒకరు గుడాల పొట్లం కొనిచ్చేవారు. మా నాయన లోపల లేని రోజున కూడా ఈ పద్ధతి పనిచేసేది.

గడియారం గంట
ఆ పెద్దమ్మ నాకు కూడా గుర్తున్నది. ఆమె కూర్చున్నది కుడి చేతి వైపే.

ఎన్జీ కాలేజీ పాత విద్యార్థి
మా హాస్టలు కుర్రాళ్లకు ఆ కాంపౌండు రాజకీయ పాఠశాల. సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం గారు గీత కార్మికుల సంఘాన్ని కట్టి, 1991లోనూ 1996లోనూ నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచారు కాబట్టి మా జిల్లాలో కల్లు దుకాణం అంటే ఎర్రజెండా మాటలు సహజం. 1996 ఎన్నిక సంగతి గుర్తున్న వారు ఇక్కడ ఉంటారు. ఫ్లోరైడు నీళ్ల సమస్యను దేశానికి చూపించడానికి జనం గుంపులుగా నామినేషన్లు వేయగా 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగును కూడా వాయిదా వేయవలసి వచ్చింది. ఆ రోజుల్లో కాంపౌండులో ఏ జట్టు దగ్గర కూర్చున్నా ఆ ఎన్నికే మాట. ‘నీకు ఎన్ని ఓట్లు వస్తాయి’ అని ఒక అభ్యర్థిని అడిగితే, ‘నా ఓటు నాకే వేసుకుంటానో లేదో, పుస్తకంలో నా పేజీ దొరకాలి కదా’ అన్నాడు. అక్కడ విన్న ఆ చమత్కారం ఏ పత్రికలోనూ రాలేదు.

పాలమూరు పోరడు
నల్లగొండ వారు అదృష్టవంతులు, కనీసం కొంతకాలం చెట్టు కల్లు తాగామని చెప్పుకోగలుగుతున్నారు. మా మహబూబ్‌నగర్‌లో నేను పెరిగిన వాడ పక్కనే కాంపౌండు ఉండేది, చుట్టుపక్కల చూపు ఆనినంత మేర చెట్టు మాత్రం లేదు. అయినా పెట్టెల కొద్దీ సీసాలు దిగేవి. అంత కల్లు ఎక్కడి నుంచి వచ్చేదో ఎవరూ అడగలేదు. తాగిన వారికి అది దొరకని రోజున చేతులు వణికేవి, నిద్ర పట్టేది కాదు.

2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు పెరిగి మత్తుమందు కలిపిన కల్లు తగ్గిపోయినప్పుడు మా జిల్లాలో, నిజామాబాదు జిల్లాలో ఏమైందో పత్రికలన్నీ రాశాయి. మతి తప్పినట్టు మాట్లాడుతున్న వారిని, మూర్ఛలు వచ్చిన వారిని ఆసుపత్రులకు తీసుకొచ్చారు. మా వాడ వారిలో ఒకరిని మంచానికి కట్టి ఆటోలో తీసుకుపోవడం నేను చూశాను. ఆ మనిషి దినమంతా కష్టపడి సంపాదించి మర్యాదగా బతికినవాడు. మా కాంపౌండు జాగాలో ఇప్పుడు ఫంక్షన్ హాలు వచ్చింది. నాకు దాని మీద ఏ కోపమూ లేదు.

గజం ధర
పోరడు తమ్ముడూ, 1995 నిషేధంలో మీ వాళ్లు కృష్ణ దాటి రాయచూరు పోయి తాగి వచ్చేవారని విన్నాను, నిజమేనా?

పాలమూరు పోరడు
పోవడం నిజం. తిరిగి వచ్చేవారో లేదో బస్సు కండక్టరుకు తెలియాలి.

ఆబ్కారీ పింఛనుదారు
నేను ఆబ్కారీ (ఎక్సైజు) శాఖలో పనిచేసి దిగిపోయాను. పేర్లు, ఊళ్లు చెప్పను. కాని పాలమూరు మిత్రుడు అడగని ప్రశ్నకు సమాధానం చెప్పగలను.

గీసేవారికి లైసెన్సులు రెండు రకాలు. ఒకటి సొసైటీ ద్వారా, అందులో సభ్యులంతా కలిసి చెట్లు గీసి దుకాణం నడుపుకొంటారు. రెండవది చెట్టు గీసేవాడి పేరు మీదే ఇచ్చేది. కాగితం మీద రెండింటిలోనూ గీసేవాడే యజమాని. ఆచరణలో మాత్రం పెట్టుబడి పెట్టగలిగినవాడు వెనుక ఉండేవాడు, సభ్యులకు నెలకు ఇంత అని ముట్టేది. చెట్లు తగ్గినా అమ్మకం తగ్గకూడదు కాబట్టి నీళ్లు, శాకరిన్ కలిపేవారు. నీళ్లలో మత్తు ఉండదు కాబట్టి క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, తరువాతి కాలంలో అల్ప్రాజోలం కలపడం మొదలైంది. ఇవి నిద్రకు, ఆందోళనకు వైద్యులు తూచి ఇచ్చే మందులు. వాటిని చేతికందినంత పోసిన సీసాకు మనిషి అలవాటు పడితే, ఒక్కసారిగా ఆపినప్పుడు మూర్ఛలు రావడం సహజం. 2015లో జరిగింది అదే. అది కల్లు మానినందుకు వచ్చిన జబ్బు కాదు, మందు అందనందుకు వచ్చినది.

నిజాం కాలం నుంచి భూమి శిస్తు తరువాత సర్కారుకు నమ్మకమైన రాబడి ఆబ్కారీ. ఏ సర్కారూ దుకాణాన్ని పూర్తిగా వదులుకోదు, పూర్తిగా పట్టించుకోదు. హైదరాబాదులో 2004లో మూయించిన కల్లు దుకాణాలను 2014లో తిరిగి తెరిపించడమే చూడండి.

మోకు ముస్తాదు
పింఛనుదారు గారూ, వెనుక ఉన్న పెట్టుబడిదారుడి గురించి చెప్పారు, ధన్యవాదాలు. తనిఖీకి వచ్చి సీసా మూత కూడా తీయకుండా సంతకం పెట్టి పోయిన వారి గురించి కూడా ఒక వాక్యం రాసి ఉంటే బాగుండేది.

ఆబ్కారీ పింఛనుదారు
రాయలేదు. మీరు రాసిన తరువాత అందరూ చదువుతారు.

సాగర్ రోడ్డు కుర్రాడు
నాకు ఇరవై దాటింది, ఇవేవీ చూడలేదు. అడగవచ్చో లేదో కానీ అడుగుతున్నాను. కల్లు కలుషితమైంది, జట్లు వేరుగా కూర్చునేవి, కూలి డబ్బులు అక్కడే పోయేవి అని మీరే రాస్తున్నారు. మరి దేని కోసం ఇంత విచారం? హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ పెట్టారు, శుభ్రంగా ఉంది, కుటుంబాలతో వెళ్తున్నారు. అలాంటిది ఇక్కడ పెడితే సరిపోదా?

రామగిరి కోడలు
బాబూ, నీరా పులియక ముందు తాగేది, లొట్టికి సున్నం రాసి పులియకుండా ఆపుతారు. మంచిదే. కాని నాట్లు వేసి బురద కాళ్లతో వచ్చిన మనిషి ఆ కేఫ్ కుర్చీలో కూర్చొని మరునాటి కూలి మాట్లాడుకోగలదా అన్నదే చూడవలసినది.

నీలగిరి నివాసి
కుర్రాడి ప్రశ్న సరైనదే. నా విచారం కల్లు గురించి కాదు. డబ్బు పెద్దగా ఖర్చు చేయకుండా, ఎవరూ లేపి పంపకుండా, రెండు మూడు గంటలు కూర్చోగలిగిన చోటు ఇప్పుడు ఆ రోడ్డు మీద ఒక్కటీ లేదు. చాయ్ దుకాణంలో కప్పు ఖాళీ కాగానే బల్ల తుడుస్తారు. పర్మిట్ రూములో నిలబడి తాగి బయటికి రావాలి. పార్కు గేటుకు తాళం వేస్తారు. పాత చోటులోని చెడును పోగొట్టి కూర్చునే హక్కును ఉంచవలసింది, ఇక్కడ కూర్చునే హక్కు పోయి మత్తు మాత్రం వైన్సు రూపంలో మిగిలింది.

గజం ధర
కూర్చునే హక్కుకు గజానికి ఎంత కిరాయి వస్తుందో చెబితే రేపే కట్టించి ఇస్తాను.

మునుగోడు మనిషి
నీలగిరి గారి చివరి వాక్యంతో నేను ఏకీభవిస్తాను. అయితే ఆ హక్కు మా వాడకు మొన్నమొన్ననే వచ్చింది, వచ్చీ రాగానే జాగానే మాయమైంది. మా నాయన అరుగు ఎక్కి కూర్చున్నది బహుశా ఆయన అరవయ్యో ఏట. నేను ఎక్కేనాటికి అరుగు లేదు.

బడిపంతులు
మొదటి ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ సూటిగా జవాబివ్వలేదు. నాకు తెలిసినంతలో 2016లో జిల్లా మూడుగా విడిపోయేనాటికి కాంపౌండు నడుస్తున్నది, అయితే సీసాల పెట్టెలు బాగా తగ్గాయి. పాత కలెక్టరేటు పనుల కోసం భువనగిరి, సూర్యాపేట దిక్కుల నుంచి వచ్చే జనం ఆగిపోయాక గిరాకీ ఇంకా పడిపోయింది. తరువాత రోడ్డు పనుల్లో ముందరి ప్రహరీ కొట్టేశారు. ఆ పైన కొన్నాళ్లు తడకలు కట్టి నడిపారు.

మోకు ముస్తాదు
పంతులు గారు చెప్పినది సరిగ్గా ఉంది. తడకలు కట్టిన కాలంలో మా చిన్నాయన అక్కడే లెక్కలు రాసేవాడు. ఇప్పుడు ఆయనకు గీత కార్మికుల పింఛను వస్తున్నది. మా ఇంట్లో మా తరం వారు ఎవరూ చెట్టు ఎక్కడం లేదు. చెట్టు మీద నుంచి పడి చనిపోతే కుటుంబానికి సర్కారు 5 లక్షలు ఇస్తుంది. 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో ఎక్కే కిట్లు కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. కిట్టు మంచిదే, మా అన్నయ్య శిక్షణకు పోయి తెచ్చుకున్నాడు. అది మా ఇంటి గోడకు తగిలించి ఉంది, ఎక్కడానికి దగ్గరలో గీత చెట్టు లేదు.

పానగల్లు పిల్లగాడు
అయితే ఎండాకాలంలో అసలైన తాటి కల్లు ఎక్కడ దొరుకుతుందో చెప్పు అన్నా. చెట్టు కిందికే వచ్చి తాగుతాము.

మోకు ముస్తాదు
ఇక్కడ ఊరి పేరు రాస్తే రేపు పొద్దున వంద బండ్లు దిగుతాయి, ఎల్లుండి నుంచి ఆ గీసేవాడు కూడా నీళ్లు కలపడం మొదలుపెడతాడు. విడిగా సందేశం పంపు, చెబుతాను.

గడియారం గంట
నాకు కూడా పంపండి. ఎడమ వైపో కుడి వైపో స్పష్టంగా రాయండి.